నలుగురితో నారాయణ అనుకుని ఫుట్‌పాత్ మీద బండి ఎక్కించాను

తుంగభద్ర (సోమవారం, రాత్రి 9:40)

అందరికీ నమస్కారం. మాది కర్నూలు. బెంగళూరు వచ్చి పదకొండేళ్లయింది. ఈ వేదికలో ఇళ్ల అద్దెలు, బడుల సంగతులు చదవడమే తప్ప నేను రాసింది తక్కువ. ఈ రోజు రాయకపోతే నిద్ర పట్టేలా లేదు.

ఔటర్ రింగ్ రోడ్డులో, మహదేవపుర దగ్గర మా ఆఫీసు. మెట్రో పనులు మొదలైనప్పటి నుంచి ఉదయం ఎనిమిదిన్నరకే సర్వీసు రోడ్డు నిండిపోతోంది. బస్‌స్టాపు దాటాక ఒకచోట ఫుట్‌పాత్ అంచు పగిలి వాలుగా తయారైంది. స్కూటర్లు వరసగా అక్కడ పైకెక్కి, రెండు వందల అడుగులు వెళ్లి మళ్లీ దిగుతాయి. మొదట్లో చాలా కాలం నేను ఎక్కలేదు. ఒక వానరోజు ముందు బండి ఎక్కింది, దాని వెనకే నేనూ ఎక్కాను. వారం తిరిగేసరికి అది నా దారి అయిపోయింది.

ఈ ఉదయం ఎదురుగా ఒక పెద్దావిడ వస్తోంది. నెత్తిన ఆకుకూరల గంప. నా ముందు నాలుగు బండ్లు ఆమెను రాసుకుంటూ వెళ్లాయి. ఐదోది నాది. అక్కడ ఒక రాతిపలక కదులుతుంటుంది. చక్రం దాని మీద జారి, నా బండి అద్దం ఆమె మోచేతికి కొట్టుకుంది. గంప ఒరిగి రెండు మెంతికూర కట్టలు, ఒక కొత్తిమీర కట్ట కింద పడ్డాయి. నేను దిగేలోపే వెనక బండి వాటి మీదుగా వెళ్లిపోయింది. నలిగిన కొత్తిమీర వాసన గుప్పున కొట్టింది. నేను ఏరబోతే ఆమె, "హోగప్పా, హిందె గాడి బర్తా ఇదె" అంది. వెళ్లు నాయనా, వెనక బండి వస్తోంది అని. అంటూనే గోడకు వీపు ఆనించి నాకు దారి ఇచ్చింది.

తిట్టి ఉంటే ఇంత బాధ ఉండేది కాదు. అది తన దారి అన్న సంగతి ఆమె కూడా మరిచిపోయింది. ఆ మరుపులో నా చెయ్యి ఉంది.

ఖాళీ రోడ్డు మీద ఒంటరిగా ఉంటే నేను ఎప్పుడూ ఫుట్‌పాత్ ఎక్కను. మరి అక్కడ ఎందుకు ఎక్కాను? "అందరూ ఎక్కుతున్నారు" అన్నది కారణమా, సాకా? మీ ఆలోచనలు చెప్పండి.

---

వేపచెట్టు (సోమవారం, రాత్రి 10:05)

తుంగభద్ర గారూ, మీ బాధ నిజమైనదే. కాని మీరు మనసులో వెతుకుతున్నది రోడ్డులో ఉంది. నేను సివిల్ ఇంజనీరుని, ఇరవై ఏళ్లుగా ఇదే పని. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 2012లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం ఫుట్‌పాత్‌కు అడ్డంకి లేని నడక వెడల్పు కనీసం 1.8 మీటర్లు ఉండాలి. అంచు ఎత్తు 150 మిల్లీమీటర్లు దాటకూడదు. మీరు చెప్పిన చోట అంచే లేదు, వాలు ఉంది. వాలు ఉన్నచోట నీళ్లు పారినట్టే చక్రాలూ వెళ్తాయి.

సెయింట్ మార్క్స్ రోడ్డు, రెసిడెన్సీ రోడ్డు చూడండి. టెండర్ ష్యూర్ అనే రోడ్ల నిర్మాణ పద్ధతిలో వెడల్పాటి ఫుట్‌పాత్‌లు వేసి, అంచున స్తంభాలు నాటారు. ఈ ఊరి జనమే, ఈ స్కూటర్లే. అక్కడ పైకి ఎక్కడం చాలా అరుదు. జనానికి నీతి చెప్పేముందు రాయి పాతండి.

---

గోదారిగట్టు (సోమవారం, రాత్రి 10:22)

రాయి కాదు, రసీదు కావాలి. 2019లో మోటారు వాహనాల చట్టాన్ని సవరించి జరిమానాలు పెంచారు. పట్టుకునేవాళ్లు నిలబడినచోట అందరూ బుద్ధిమంతులే.

---

రాత్రిబస్సు (సోమవారం, రాత్రి 11:50)

నేను రాత్రి షిఫ్టు చేస్తాను. ఇంటికి వెళ్లేసరికి పదకొండున్నర అవుతుంది. మా దారిలో ఒక సిగ్నల్ దగ్గర ఎర్రదీపం పడితే ఆగుతాను. ఆగిన మూడో సెకనుకు వెనక కారు హారన్ మొదలవుతుంది. మొదట చిన్నగా, తరువాత ఆపకుండా. పక్కనుంచి వెళ్లేవాళ్లు తల తిప్పి చూసే చూపు ఒకటి ఉంటుంది, ఏదో దారికి అడ్డం పడుకున్న గేదెను చూసినట్టు. నేను తప్పు చేయలేదు. అయినా చెవులు వేడెక్కుతాయి, అరచేతులకు చెమట పడుతుంది. ఎన్నోసార్లు ఆ హారన్ తట్టుకోలేక ఎర్రదీపంలోనే బండి ముందుకు పోనిచ్చాను.

తుంగభద్ర గారూ, మీకు ఎవరూ హారన్ కొట్టకుండానే ఎక్కారు. నేను కొట్టించుకుని ఎర్రదీపం దాటాను. ఇవి రెండూ ఒకటేనా? తెలిసినవాళ్లు చెప్పాలి.

---

పలకాబలపం (మంగళవారం, ఉదయం 6:30)

రాత్రిబస్సు గారి ప్రశ్న చాలా మంచిది. నేను కాలేజీలో మనస్తత్వశాస్త్రం చెబుతాను, అందుకని కాస్త పొడుగ్గా రాస్తే ఓపిక పట్టండి.

1951లో అమెరికాలో సోలమన్ ఆష్ అనే ఆయన ఒక ప్రయోగం గురించి రాశారు. ఒక గీత చూపించి, పక్కనున్న మూడు గీతల్లో దానికి సమానమైనది ఏదో చెప్పమనేవారు. చిన్నపిల్లలు కూడా తేల్చగలిగిన విషయం. కాని గదిలో ఒక్కరు తప్ప మిగిలినవాళ్లంతా ముందే కూడబలుక్కుని వచ్చినవాళ్లు. కొన్నిసార్లు వాళ్లంతా కావాలని ఒకే తప్పు జవాబు చెప్పేవారు. చివర్లో వంతు వచ్చిన ఆ ఒక్కరు ఏం చేశారు? నలుగురిలో ముగ్గురు కనీసం ఒక్కసారైనా గుంపు చెప్పిన తప్పునే చెప్పారు. గుంపు తప్పు చెప్పిన సందర్భాలన్నీ కలిపి లెక్కిస్తే, మూడింట ఒక వంతుకు పైగా వీళ్లూ తప్పారు. తరువాత అడిగితే కొందరు, తమ కంటి మీదే అనుమానం వచ్చిందన్నారు. కొందరు, తప్పని తెలిసినా నలుగురిలో వేరుగా కనబడటం ఇష్టంలేక చెప్పామన్నారు. మొదటిది తుంగభద్ర గారి వానరోజు. రెండోది మీ సిగ్నల్ దగ్గరి హారన్.

మన భాష ఈ రెండో భయాన్ని ఏనాడో పట్టుకుంది. "ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెదొక దారి" అంటాం. ఎవరినైనా మెచ్చుకుంటూ ఆ మాట అనగా నేను వినలేదు. దెప్పడానికే వాడతాం. చిన్నప్పటి నుంచి ఆ మాట విన్న పిల్లవాడు ఎర్రదీపం దగ్గర ఒంటరిగా నిలబడాలంటే చాలా గుండెధైర్యం కావాలి.

ఆష్ పరిశోధనల్లో నన్ను ఎక్కువగా కట్టిపడేసేది ఇంకొకటి. గుంపు ఎంత పెద్దదన్నది అంత ముఖ్యం కాదు. ముగ్గురు దాటాక మనుషులు పెరిగినా ఒత్తిడి పెద్దగా పెరగలేదు. కాని ఆ గుంపులో ఒక్కరు, ఒకే ఒక్కరు, సరైన జవాబు చెబితే చాలు, తప్పులు నాలుగో వంతుకు పడిపోయాయి. ఆ తోడు మనిషి మధ్యలో గుంపు వైపు మారిపోతే మళ్లీ మొదటికొచ్చింది.

---

కొత్తచిగురు (మంగళవారం, ఉదయం 8:15)

మేడమ్, 1950ల నాటి అమెరికా కాలేజీ కుర్రాళ్ల మీద చేసిన ప్రయోగం కదా. 2020ల బెంగళూరుకు ఎలా వర్తిస్తుంది? మన రద్దీ వేరు, మన బతుకు వేరు.

---

పలకాబలపం (మంగళవారం, మధ్యాహ్నం 1:10)

అడగాల్సిన ప్రశ్నే. ఆష్ పద్ధతిలో 17 దేశాల్లో జరిగిన 133 పరిశోధనలను ఒకచోట చేర్చి 1996లో విశ్లేషించారు. అమెరికాలో 1950ల తరువాత ఈ ధోరణి తగ్గుతూ వచ్చింది. కుటుంబం, కులం, ఊరు వంటి సమూహానికి ఎక్కువ విలువనిచ్చే సమాజాల్లో మాత్రం ఇది ఎక్కువగానే కనిపించింది. అంటే మనం మరింత జాగ్రత్తగా చదవాల్సిన విషయమే.

---

మూడోతరం (మంగళవారం, సాయంత్రం 6:45)

మా తాతగారు చిత్తూరు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డారు. నేను మల్లేశ్వరంలో పుట్టాను. ఇలాంటి చర్చ ఎక్కడ జరిగినా చివరికి "బయటివాళ్లు వచ్చి ఊరు పాడుచేశారు" అనో, "ఈ ఊరే ఇంత" అనో తేలుతుంది. ఆ రెండు మాటలూ ఇక్కడ ఇంకా ఎవరూ అనలేదు, అందుకు సంతోషం. అనకముందే ఒకటి చెబుతాను.

2011 అక్టోబరులో బయ్యప్పనహళ్లి నుంచి ఎం.జి. రోడ్డు వరకు మెట్రో మొదలైంది. మొదటి వారమే ఎక్కాను. స్టేషను మెట్ల కింద ఉమ్మేసిన మనిషే, పైన ప్లాట్‌ఫారం మీద నోరు మూసుకుని నిలబడటం కళ్లారా చూశాను. మెట్ల కింద గోడ అప్పటికే ఎర్రగా ఉంది. పైన నేల మెరుస్తోంది. ఆ మనిషి రెండు నిమిషాల్లో మారిపోలేదు. ఇక్కడ ఏది చెల్లుతుందో నేలను చూసి తెలుసుకున్నాడు, అంతే.

---

పలకాబలపం (మంగళవారం, రాత్రి 8:00)

మూడోతరం గారూ, మీరు చూసినదాన్ని నెదర్లాండ్స్‌లోని గ్రోనింగెన్ ఊళ్లో కొలిచి చూశారు. 2008లో అచ్చయింది. సైకిళ్లు ఆపుకునే సందులో ప్రతి సైకిలు హ్యాండిల్‌కూ ఒక కరపత్రం తగిలించారు. దగ్గర్లో చెత్తబుట్ట లేదు. గోడ శుభ్రంగా ఉన్నప్పుడు 33 శాతం మంది ఆ కాగితాన్ని కింద పడేశారు. "రాయరాదు" అన్న బోర్డు పక్కనే గోడంతా పిచ్చిరాతలు ఉన్నప్పుడు 69 శాతం మంది పడేశారు. గమనించండి, గోడ మీద జరిగింది ఒక తప్పు, జనం చేసింది ఇంకొక తప్పు. ఒక నియమం చెల్లడం లేదని కళ్లకు కనిపిస్తే, పక్క నియమం కూడా సడలిపోతుంది.

---

మల్లెపందిరి (మంగళవారం, రాత్రి 9:30)

ఈ మాట చదివాక నేను రాయక తప్పదు. సర్జాపుర రోడ్డు వైపు ఒక అపార్టుమెంటులో ఉంటాం. 120 ఇళ్లు, సగానికి పైగా తెలుగువాళ్లమే. తడి చెత్త, పొడి చెత్త వేరు చేయాలన్న నియమం ఈ ఊళ్లో 2012 నుంచి ఉంది. 2015 డిసెంబరులో హైకోర్టు రెండు బుట్టలు, ఒక సంచి పద్ధతి పాటించాలని చెప్పింది. ఆకుపచ్చ బుట్టలో తడి చెత్త, ఎర్ర బుట్టలో శానిటరీ ప్యాడ్లు, డైపర్ల వంటివి, సంచిలో పొడి చెత్త.

రెండేళ్ల కిందట చెత్త సంగతి చూసే బాధ్యత నాకు అప్పగించారు. ఒక ఉదయం మా దగ్గరకు వచ్చే పౌరకార్మికురాలు చెయ్యి చూపించింది. బొటనవేలి పక్కన పగిలిన ట్యూబులైటు గాజు దిగి ఉంది. ఎవరో దాన్ని అన్నం మెతుకులు, అరటితొక్కలతో కలిపి ఒకే కవరులో కట్టి పడేశారు. ఆమె ఆ గాజును తనే లాగేసుకుని, కొంగు చింపి వేలికి చుట్టుకుని, మిగిలిన బుట్టలు ఏరడం మొదలుపెట్టింది. నాకు కళ్లనీళ్లు ఆగలేదు.

ఆ కోపంలో ఆ రోజే లిఫ్టులో కాగితం అంటించాను. "మన 120 ఇళ్లలో 70 ఇళ్లు చెత్త వేరు చేయడం లేదు. ఇది సిగ్గుచేటు" అని. వారం తరువాత లెక్క చూస్తే వేరు చేయనివాళ్లు 70 నుంచి 85కు పెరిగారు. అంతకుముందు శ్రద్ధగా చేసేవాళ్లు కూడా మానేశారు. మూడో అంతస్తు ఆవిడను అడిగితే, "ఇన్ని ఇళ్లు చేయనప్పుడు నేనొక్కదాన్ని చేసి ఏం లాభం వదినా?" అంది. ఆమెది సోమరితనం కాదు, నన్ను నమ్మండి. తను ఒంటరినన్న సంగతి నేనే ఆమెకు అచ్చువేసి చెప్పాను.

పాలు పోయమన్న రాజు కథలో అందరూ చీకట్లో నీళ్లు పోశారు కదా. తెల్లవారాక తొట్టి నిండా నీళ్లే ఉన్నాయని చూస్తే, మరుసటి రాత్రి పాలు పోసేవాడు ఎవడు? నా కాగితం ఆ తెల్లవారడం లాంటిది.

---

పలకాబలపం (మంగళవారం, రాత్రి 10:15)

మల్లెపందిరి గారూ, ఆ పొరపాటు పెద్దపెద్దవాళ్లే చేశారు, మిమ్మల్ని మీరు నిందించుకోకండి. అమెరికాలో అరిజోనా రాష్ట్రంలో శిలగా మారిన చెట్ల అడవి ఒకటి ఉంది. వచ్చినవాళ్లు ఆ శిలల ముక్కలు జేబులో వేసుకుని పోతుంటారు. మనస్తత్వవేత్త రాబర్ట్ చాల్డీని బృందం అక్కడి దారుల్లో గుర్తుపెట్టిన ముక్కలు వేసి, రెండు రకాల బోర్డులు పెట్టి చూసింది. "ఇప్పటికే ఎంతోమంది తీసుకుపోవడం వల్ల అడవి మారిపోతోంది" అన్న బోర్డు ఉన్నచోట దాదాపు 8 శాతం ముక్కలు మాయమయ్యాయి. "దయచేసి తీసుకుపోవద్దు" అన్న బోర్డు ఉన్నచోట 2 శాతం లోపే. తప్పును ఖండిస్తూనే, అది అందరూ చేసే పనేనని మొదటి బోర్డు చాటింపు వేసింది. తరువాత మీరు ఏం చేశారు?

---

మల్లెపందిరి (మంగళవారం, రాత్రి 10:40)

ఆ కాగితం చింపేశాను. వేరు చేసే ఇళ్ల తలుపుల దగ్గర ఆకుపచ్చ బుట్టను బయటికి, కనబడేలా పెట్టుకోమని అడిగాను. మొదట ఒప్పుకున్నవి తొమ్మిది ఇళ్లు. మా అంతస్తులో రెండు. మూడో నెలకు మా అంతస్తు మొత్తం పెట్టింది. కాని ఐదో అంతస్తులో పెట్టిన ఒక్క కుటుంబం ఇల్లు మారి వెళ్లిపోయింది. ఆ నెలలోనే ఆ అంతస్తు పాత పద్ధతికి వెళ్లిపోయింది. పైన మీరు రాసిన ఆ తోడు మనిషి సంగతి చదవగానే నాకు వాళ్లే గుర్తొచ్చారు. ఇప్పటికీ ఐదో అంతస్తు మారలేదు.

---

గోదారిగట్టు (బుధవారం, ఉదయం 7:20)

నా మాట కొంత మార్చుకుంటున్నాను. 2023 ఫిబ్రవరిలో పాత ట్రాఫిక్ జరిమానాలకు సగం రాయితీ ఇచ్చినప్పుడు నేనూ వెళ్లి వరసలో నిలబడ్డాను. తొమ్మిది రోజుల్లో 120 కోట్ల రూపాయలకు పైగా వసూలైంది. ఖజానాకు మంచిదే. కాని ఆ వరసలో నా ముందు, వెనక ఉన్నవాళ్లంతా తమ బాకీలు హాయిగా చెప్పుకుంటున్నారు. ఒకరికి పన్నెండు కేసులు, ఒకరికి ముప్పై. నాకు రెండే ఉన్నందుకు నేనేదో మహా బుద్ధిమంతుడినని అనిపించింది. రసీదు చేతికిచ్చారు గాని, నాలోని సిగ్గును తీసేసుకున్నారు. ఇప్పుడు ఆలోచిస్తే భయమేస్తోంది.

---

కొత్తచిగురు (బుధవారం, ఉదయం 9:00)

నిన్న అడ్డుప్రశ్న వేశాను గాని, రాత్రంతా దీని గురించే చదివాను. మార్క్ గ్రానోవెటర్ అనే సామాజికశాస్త్రవేత్త 1978లో రాసిన ఒక లెక్క ఇక్కడ సరిగ్గా సరిపోతుంది. ఆయన అల్లరిమూకను ఉదాహరణగా తీసుకున్నారు, నేను స్కూటర్లతో చెబుతాను.

వంద స్కూటర్లు ఉన్నాయనుకోండి. ఒకడు ఎవరూ ఎక్కకపోయినా ఎక్కుతాడు. రెండోవాడు ఒకడు ఎక్కితే ఎక్కుతాడు. మూడోవాడు ఇద్దరు ఎక్కితే. ఇలా వందోవాడికి తొంభైతొమ్మిది మంది కావాలి. మొదటివాడు ఎక్కితే చాలు, వందమందీ ఎక్కేస్తారు. ఇప్పుడు ఆ రెండోవాడు ఒక్కడు మారి, "ఇద్దరు ఎక్కితేనే నేను ఎక్కుతాను" అన్నాడనుకోండి. మొదటివాడు ఒక్కడే ఎక్కుతాడు, అక్కడితో ఆగిపోతుంది. మిగిలిన తొంభైఎనిమిది మంది స్వభావం రవ్వంత కూడా మారలేదు. అయినా ఒక రోజు వందమందీ దోషులు, ఇంకో రోజు ఒక్కడే దోషి. బయటినుంచి చూసేవాడు మొదటి రోజు "ఈ ఊరి జనం ఇంతే" అంటాడు, రెండో రోజు "ఎంత క్రమశిక్షణ" అంటాడు.

తుంగభద్ర గారూ, మీరు ఐదోవారు. ఆరోవారికి మీరు ఐదో సాక్ష్యం అయ్యారు.

---

తుంగభద్ర (బుధవారం, రాత్రి 9:15)

ఆ చివరి వాక్యం దగ్గర చాలాసేపు ఆగిపోయాను. నిజమే. నేను గుంపు వెనక వెళ్తున్నాననే అనుకున్నాను గాని, నా వెనకవాడికి నేనే గుంపునని ఎప్పుడూ తట్టలేదు.

ఈ రెండు రోజులూ ఎక్కలేదు. వాలు దగ్గర రోడ్డు మీదే ఆగాను. నిన్న ఇరవై బండ్ల వరకు నన్ను తప్పించుకుని పైకెక్కాయి. ఒకాయన భుజం తట్టి "సార్, పక్కకు జరగండి" అన్నాడు. రాత్రిబస్సు గారు రాసిన ఆ చెవుల వేడి నాకూ అనుభవమైంది. ఈ రోజు నా వెనక ఒక అమ్మాయి స్కూటరు ఆపింది. ఎందుకు ఆపిందో నాకు తెలియదు. ఆమె ఆగాక ఆమె వెనక ఒక డెలివరీ కుర్రాడూ ఆగాడు. నాలుగు నిమిషాలు ఆలస్యమైంది.

---

వేపచెట్టు (బుధవారం, రాత్రి 10:30)

సోమవారం నేను రాయి పాతండి అన్నాను. ఈ రోజు సాయంత్రం పని ముగించుకుని తుంగభద్ర గారు చెప్పిన చోటికే వెళ్లి టేపుతో కొలిచాను. వాలు దగ్గర వెడల్పు 1.6 మీటర్లు. మధ్యలో ఒక స్తంభం నాటితే రెండు వైపులా 75 సెంటీమీటర్ల లోపే మిగులుతుంది. చక్రాల కుర్చీ అందులో పట్టడం కష్టం. స్తంభాన్ని ఒక పక్కకు జరిపి కుర్చీకి చాలినంత సందు వదిలితే, ఆ సందులో స్కూటరు కూడా దూరుతుంది. హ్యాండిల్ వెడల్పు, కుర్చీ వెడల్పు ఇంచుమించు ఒకటే. మా నాన్నగారు పక్షవాతం వచ్చాక ఆరేళ్లు చక్రాల కుర్చీలో ఉన్నారు. ఆ సందు మూసేయమని నేను ఎవరికీ చెప్పలేను.

కాబట్టి స్తంభం నాటించినా కుర్చీ పట్టేంత సందు మిగులుతుంది. ఆ మిగిలినదానికి ఇంజనీరింగులో మందు లేదని ఒప్పుకుంటున్నాను. అర్జీ మాత్రం రేపు వార్డు ఆఫీసులో ఇస్తాను, పగిలిన అంచు, కదిలే పలక కూడా అందులో రాశాను. ఫొటోలు తీశాను. తుంగభద్ర గారూ, ఉదయం పూట బండ్లు ఎక్కుతున్న ఫొటో ఒకటి కావాలి. నంబరు ప్లేట్లు కనబడనక్కర్లేదు.

---

రాత్రిబస్సు (గురువారం, తెల్లవారుజామున 12:20)

తుంగభద్ర గారూ, ఈ వారం నాకు పగటి షిఫ్టు పడింది. నేనూ ఆ దారినే రావాలి. మీరు వాలు దగ్గరకు ఎన్నింటికి వస్తారు?

---

తుంగభద్ర (గురువారం, ఉదయం 6:05)

ఎనిమిదీ ముప్పై ఐదుకు. నీలం రంగు స్కూటరు, వెనక కర్నూలు నంబరు. ఆకుకూరల అవ్వ కూడా ఆ వేళకే వస్తుంది. నిన్న డబ్బులు ఇవ్వబోతే తీసుకోలేదు, మెంతికూర కొనమంది. కొన్నాను.